తివాచీ కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి

2022 జూలైలో గోదారి లంకల మీదకి వచ్చినప్పుడు మా ఇంట్లో పోయిన సామాన్ల లెక్క రాసుకుంటే, అందులో ఒక తివాచీ కూడా ఉందండి. మా పిన్ని కువైట్ నుంచి పంపింది. ఎర్రటి నేల, మధ్యలో పెద్ద పువ్వు, చుట్టూ బంగారపు రంగు అంచు. కార్గోలో అది దిగిన రోజు వీధివీధంతా చూడ్డానికొచ్చేరు. నాన్న నెల్లాళ్ళపాటు దానిమీద చెప్పులతో కాదు కదా, వట్టి కాళ్ళతో కూడా నడవనివ్వలేదు.

వరద తీసేక ప్రహరీ గోడ మీద ఆరేసేం. నాలుగెండలు తగిలేక చూస్తే పైన పువ్వు ఎప్పట్లాగే మెరిసిపోతోంది. వెనక్కి తిప్పితే నార పుచ్చిపోయి ఉంది. వేలితో లాగితే పీలికలు పీలికలుగా ఊడొచ్చేసింది. వరద మింగేసిందని అందరం అనుకున్నాం.

తర్వాతెప్పుడో అమ్మకి ఒకటి గుర్తొచ్చింది. వరదకి ముందు ఏడాది నుంచే, తివాచీ ఎత్తి కింద ఊడ్చినప్పుడల్లా గోధుమరంగు పొడి వచ్చేదట. చీపురు పొట్టేమో అనుకుందట. అది చీపురు పొట్టు కాదండి. తివాచీ వెనక నేసిన జనపనార. పైనున్నది ప్లాస్టిక్ దారం, దానికి నీళ్ళంటే లెక్కలేదు. దాన్ని పట్టుకుని ఉంచే వెనక నారకి మాత్రం చెమ్మంటే ప్రాణాంతకం. వరద ఆఖరి దెబ్బ కొట్టింది, అంతే. అసలు పని మా నేలే రెండు మూడేళ్ళుగా చేస్తోంది.

ఇప్పుడు మన కుర్రాళ్ళు చాలామంది ఫోన్లో తివాచీలు చూస్తున్నారు. కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు, పెళ్ళయ్యి వేరు కాపురం పెట్టినవాళ్ళు, గల్ఫ్ నుంచి డబ్బు పంపి అమ్మకి హాలు బాగుచేయించాలనుకునేవాళ్ళు. ఆ వీడియోల్లో చెప్పే లెక్కలన్నీ ఏ ఢిల్లీకో, చలిదేశాలకో సరిపోతాయి. అక్కడ తివాచీ కాళ్ళ కింద నలిగి అరిగిపోతుంది. మన కోనసీమలో అరిగే దాకా బతకదు, ముందే చెమ్మకి పోతుంది. అంచేత మన్నిక అంటే మనకి అర్థం వేరు: ఎంత మెత్తగా ఉంది, ఎంత మందంగా ఉంది అన్నది తర్వాత. తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుంది, కింది నుంచి చెమ్మ తగిలితే ఏమవుతుంది అన్నది ముందు.

మన నేల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఉన్న దీవి. నాలుగు బారలు తవ్వితే నీళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేస్తారు గనక అప్పుడు గచ్చు పొడిగా ఉంటుంది. జూన్‌లో కాలవలు వదిలి, పైనుంచి వానలు మొదలయ్యేక చూడండి, గోడల అడుగున మూరెడు ఎత్తు దాకా రంగు ఉబ్బి పెచ్చులూడిపోతుంది. ఆ గోడలోకి ఎక్కే చెమ్మే గచ్చులోంచి కూడా పైకొస్తుంది. గచ్చు ఖాళీగా ఉంటే గాలికి ఆరిపోతుంది కాబట్టి మనకి తెలీదు. దానిమీద ఏదన్నా పరిచేమా, ఆ చెమ్మకి వెళ్ళే దారి లేక అక్కడే ముక్కిపోతుంది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు అయితే ఉప్పు గాలి కూడా తోడు. ఉప్పు పట్టిన బట్ట ఎప్పటికీ పూర్తిగా ఆరదు, మళ్ళీ మళ్ళీ గాల్లోంచి తడి లాక్కుంటుంది.

కాబట్టి షాపుకెళ్ళకముందు ఇంట్లో ఒక పరీక్ష చెయ్యండి. పైసా ఖర్చు లేదు. రెండు మూరల చదరం పాలిథిన్ కవరు ఒకటి తీసుకుని, తివాచీ వెయ్యాలనుకున్న చోట గచ్చుకి ఆనించి, నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు అంటించండి. ఒక పగలు, ఒక రాత్రి వదిలెయ్యండి. మర్నాడు చూస్తే కవరు లోపలివైపు చెమట పట్టిందా, గచ్చు రంగు ముదిరిందా? అయితే మీ నేల ఊరుతోందని. ఈ పరీక్ష ఆగస్టు, సెప్టెంబరులో చెయ్యాలి. మేలో చేసి పాసయిపోయింది అనుకుంటే వానాకాలంలో ఫెయిలవుతారు.

చెమట పట్టిన ఇంట్లో నేలకి అంటుకుని పడుండేది ఏదీ వెయ్యకండి. పొద్దున్నే ఎత్తి దండెం మీద వేసుకోగలిగినదే వెయ్యండి. మన తాతలు తుంగచాప, ఈతచాప, తాటాకు చాప వాడింది పేదరికంతోనే అనుకుంటారు చాలామంది. చాప పొద్దున లేవగానే చుట్టేసి గోడకి నిలబెట్టేస్తారు. రోజూ దానికీ గాలి తగిలేది, నేలకీ గాలి తగిలేది. ఈ నేల మీద బతికినవాళ్ళ తెలివండి అది.

ఇంకో చిక్కేమిటంటే మనవాళ్ళు ‘కార్పెట్’ అనే ఒక్క మాట మూడు నాలుగు రకాల సరుకులకి వాడతారు. అమలాపురంలో షాపుకెళ్ళి కార్పెట్ చూపించండి అంటే ముందు తీసేది చెక్క డిజైను, టైల్సు డిజైను ఉన్న ప్లాస్టిక్ చుట్ట. అది తివాచీ కాదు, పీవీసీ షీటు. తుడిస్తే శుభ్రం, చవక, అద్దింట్లో పగిలిన గచ్చు కప్పుకోడానికి బాగానే ఉంటుంది. కానీ ఊరే నేల మీద వేస్తే మన పాలిథిన్ పరీక్షే ఇల్లంతా చేసినట్టు! ఆర్నెల్లకి ఎత్తితే కింద నల్లటి బూజు. రెండోది పెళ్ళిళ్ళలో వేదిక దగ్గర పరిచే ఎర్ర చుట్ట. నొక్కి అతికించిన పీచు అది, నేత ఉండదు. ఒక ఫంక్షనుకి, రెండు ఫంక్షన్లకి చేసింది. అదే ముక్క కోసి ఇంటికి అమ్మితే కొనకండి. మూడోది అసలు తివాచీ, పైకి పోగులు లేచి ఉండేది. నాలుగోది జంపఖానా, పోగులు లేకుండా నూలుతో చదునుగా నేసినది. అడిగేటప్పుడే పేరు పెట్టి అడిగితే సగం మోసం అక్కడే ఆగుతుంది.

ఇక పోగు దేనిదో తెలుసుకోవడం. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, డబ్బులు ఇక్కడే పోతాయి.

ఇప్పుడు చవగ్గా దొరికేవాటిలో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్. మన ఎరువుల సంచి దేనితో నేస్తారో అదే జాతి. నీళ్ళు పీల్చదు, కూర ఒలికినా మరక లోపలికి ఇంకదు. కోనసీమకి ఇది మంచి గుణం. దోషాలు రెండు. నడక ఎక్కువున్న చోట పోగు అణిగిపోయి మళ్ళీ లేవదు. వేడంటే గిట్టదు, ఇస్త్రీపెట్టె గానీ వేడి గిన్నె గానీ పెడితే కరిగి గట్టిపడిపోతుంది. పాలియెస్టర్ దీనికన్నా మెత్తన, మెరుపు ఎక్కువ. షాపులో చెయ్యి పెట్టగానే పడిపోయేది దానికే. కానీ అదీ తొందరగా అణుగుతుంది, పైగా నూనె మరక పడితే వదల్దు. నైలాన్ అన్నిట్లోకీ గట్టిది, తొక్కినా లేచి నిలబడుతుంది, కాకపోతే ఖరీదు.

ఉన్ని సంగతి వేరు. మంచి ఉన్ని తివాచీని తరాల తరబడి వాడతారు. నిప్పురవ్వ పడినా అంటుకోదు. తన బరువులో దాదాపు మూడోవంతు తడిని లోపల పట్టుకుని కూడా పైకి పొడిగానే అనిపిస్తుంది. మనకి ఇబ్బంది అక్కడే ఉంది. తడి ఉన్నట్టు తెలీదు, మనం ఎండబెట్టం, పురుగు పడుతుంది. మేడమీద గది, గాలీ వెలుతురూ బాగా తగిలే చోటయితే ఉన్ని వేసుకోండి. కింది అంతస్తులో వద్దు.

నూలు నీళ్ళు పీల్చుకుంటుంది, నిజమే. కానీ ఉతుక్కోవచ్చు, పిండుకోవచ్చు, ఒక మంచి ఎండకి ఆరిపోతుంది. జంపఖానాకి ముందూ వెనకా ఒకటే, రెండు పక్కలా వాడుకోవచ్చు. జనపనారతో నేసినవి ఇప్పుడు ఫ్యాషను, ఫొటోల్లో చాలా అందంగా ఉంటాయి. మన కింది ఇళ్ళకి మాత్రం పనికిరావు. ఒకసారి తడిస్తే గోధుమరంగు డాగు పడుతుంది, రెండు మూడు వానాకాలాలకి నార చివికిపోతుంది. ‘ఆర్ట్ సిల్క్’, ‘బ్యాంబూ సిల్క్’ అని మెరిసేవి చాలావరకు విస్కోస్. తడిస్తే దాని బలమే పోతుంది. మంచినీళ్ళు ఒలికినా పసుపు మరక నిలిచిపోతుంది. పెళ్ళికి కానుకగా వస్తే దేవుడి గదిలో మూలన వేసుకోండి, మీ డబ్బుతో మాత్రం కొనకండి.

అమ్మేవాడు ఏం చెప్పినా నమ్మక్కర్లేదు. అంచు నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కొనబోయేవాడు పోగు లాగుతానంటే నిజాయితీగల షాపువాడు కాదనడు. వెంట్రుక కాలిన కంపు వచ్చి, నలిపితే బూడిదయితే ఉన్ని గానీ పట్టు గానీ. కాగితం కాలిన వాసన వస్తే నూలు, జనపనార, విస్కోస్‌లలో ఒకటి. పట్టు అని చెప్పినదానికి కాగితం వాసన వచ్చిందంటే ఇంకేం మాట్లాడక బయటికి వచ్చెయ్యొచ్చు. కరిగి, చల్లారేక గట్టి పూసలా తయారయితే ప్లాస్టిక్ జాతి.

పోగు తెలిసేక, వెనక్కి తిప్పండి. నా లెక్కలో ముందు చూసేదానికన్నా ఇదే పెద్ద పని. ఒక చోట పట్టుకుని వెనక్కి మడవండి. పోగుల మధ్య నుంచి అడుగు బట్ట బట్టతల మీద నెత్తిలా కనిపిస్తోందంటే పోగు పల్చగా ఉందని, ఏడాదికి అణిగిపోతుంది. తర్వాత వెనకవైపు దేనితో ఉందో చూడండి. గోధుమరంగు నార కనిపిస్తే మా పిన్ని తివాచీ కథ గుర్తు తెచ్చుకోండి. వెనకంతా ఒక బట్ట అంటించి ఉంటే దానికింద రబ్బరు జిగురుంటుంది. ఒక రకం తుపాకీలాంటి పనిముట్టుతో బట్టలోకి పోగులు గుచ్చి, అవి ఊడకుండా వెనక జిగురు పూసి, పైన బట్ట కప్పేస్తారు. చేత్తోనే చేస్తారు గనక ‘హ్యాండ్‌మేడ్’ అని రాస్తారు. అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఆ జిగురులో సుద్దపొడి కలుపుతారు. మన ఉక్కకీ చెమ్మకీ కొన్నేళ్ళకి అది ఎండి పెళుసయ్యి తెల్లటి పొడిగా రాల్తుంది, ఒక రకం కంపు వస్తుంది, ఆపైన పోగులు గుప్పెళ్ళతో ఊడొస్తాయి. వెనక కూడా పాలియెస్టర్ గానీ పాలీప్రొపిలీన్ గానీ ఉండి, జిగురు లేకుండా మగ్గం మీద నేసినది అయితే కింది అంతస్తుకి అదే నయం.

ముడులేసి నేసిన తివాచీ అయితే వెనక కూడా అదే బొమ్మ అంతే స్పష్టంగా కనిపిస్తుంది, ఒక్కో ముడీ చిన్న గింజలా. అంచున వేలాడే కుచ్చులు నేతలోంచే వచ్చిన పడుగు దారాలయి ఉంటాయి. విడిగా కుట్టిన కుచ్చులయితే మిషను సరుకు. ఈ ఒక్క తేడా తెలియక మా ఊళ్ళో చాలామంది దెబ్బతిన్నారు. మోటారు సైకిలు వెనక తివాచీలు కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు వస్తారు చూశారా, అలాంటి ఒకతను మా వీధిలో ‘కాశ్మీరు చేతినేత’ అని తొమ్మిది వేలు చెప్పి, బేరమాడితే రెండున్నర వేలకి ఇచ్చేసి వెళ్ళేడు. మా పెద్దమ్మ కొంది. ఆరున్నర వేలు మిగిలాయని వారం రోజులు సంబరం. నేను వెనక్కి తిప్పి చూస్తే కుట్టిన కుచ్చులు, ప్లాస్టిక్ పోగు. ఆ కుర్రాడి మీద నాకు కోపమేం లేదండి, ఎండలో తిరిగి పొట్టపోసుకుంటున్నాడు. లెక్క మనం వేసుకోవాలి.

ఆ లెక్క ఇదిగో. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు తివాచీ అంటే 35 చదరపు అడుగులు, అంటే 5,040 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 60 ముడులు అనుకుందాం, అది పెద్ద సన్నపు నేతేం కాదు. మొత్తం మూడు లక్షల రెండు వేల పైచిలుకు ముడులు. ఒక మనిషి రోజుకి నాలుగు వేల ముడులు వేస్తాడనుకున్నా డెబ్బై ఐదు రోజులు. డెబ్బై ఐదు రోజుల కూలీ, ఉన్ని ఖరీదు, మధ్యవాళ్ళ వాటా అన్నీ కలిపి రెండున్నర వేలకి వస్తుందా? మన ఊళ్ళో ఒక్కరోజు కూలీ ఎంతో మీకు తెలుసు. చేతిముడి తివాచీ చవగ్గా దొరికిందంటే రెండే దారులు: అది చేతిముడి కాదు, లేదా నేసినవాడి పొట్ట కొట్టేరు.

ఆ మాటకొస్తే ముడుల తివాచీ మనకి దూరపు విద్యేం కాదు. గోదారి దాటితే ఏలూరు. ఎప్పుడో నవాబుల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళ ద్వారా ఆ పని ఏలూరులో స్థిరపడిందని చెప్తారు. నూలు పడుగు మీద ఉన్ని ముడులు. మచిలీపట్నం రేవు దగ్గర ఉండడం వల్ల ఓడలెక్కి దేశాలు దాటేయి. 1908లో మద్రాసు ప్రభుత్వం దక్షిణాది తివాచీ పరిశ్రమ మీద హెన్రీ హారిస్ రాసిన పుస్తకం అచ్చువేసింది, అందులో ఏలూరుదీ చోటుంది. అటు ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ పెద్ద ప్రదర్శనకే వెళ్ళేయి. ఇప్పుడు ఓరుగల్లు పేరు చెప్తే జంపఖానాలు గుర్తొస్తాయి. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన కింది అంతస్తు హాలుకి నేను ముందు చెప్పేది ఆ నూలు జంపఖానాయే. వేసవిలో చల్లన, వానాకాలంలో చుట్టి అటకెక్కించుకోవచ్చు, చుట్టాలొస్తే పరుచుకుని పడుకోవచ్చు. మా తాతయ్య పెళ్ళినాటి జంపఖానా రెండు చోట్ల మాసికలతో ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇంతకీ నేను అసలు చెప్పాలనుకున్న సరుకు మన గుమ్మం ముందే ఉందండి. కొబ్బరి పీచు.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ తెలియనివాళ్ళుండరు. కాయ ఒలిచేక డొక్క ఏమవుతుంది? ఒకప్పుడు పొయ్యిలోకి, ఇటుక బట్టీలోకి. ఇప్పుడు పీచు మిల్లులోకి. మిషను ఆ డొక్కని చీల్చి పీచు ఒకవైపు, పొట్టు ఒకవైపు పడేస్తుంది. పొట్టుని ఇటుకల్లా నొక్కి మొక్కలు పెంచుకోడానికి విదేశాలకి పంపుతారు. పీచు తాళ్ళవుతుంది, పరుపుల్లోకి వెళ్తుంది, బేళ్ళు కట్టి చైనా దాకా పోతుంది. ఈ మిల్లుల్లో ఆరబోసేదీ, ఏరేదీ, తాడు వడికేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పట్టాలు నేసే పెద్ద పని మాత్రం కేరళలో, అలప్పుళ చుట్టుపక్కల జరుగుతుంది. మనం ఫోన్లో కాళ్ళ పట్టా ఆర్డరిస్తే కొరియరు అబ్బాయి కొబ్బరి తోటల మధ్య నుంచి బండి నడుపుకుంటూ వచ్చి, పై ఊరి కొబ్బరి పీచు మనకి ఇచ్చి వెళ్తాడు. నవ్వొస్తుంది గానీ బాధ కూడా ఉంది.

ఈ పీచు నీళ్ళకి ఎందుకు తట్టుకుంటుందంటే అందులో లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. చెట్టుకి కర్రతనం ఇచ్చేది అదే. జనపనారలో, నూలులో అంత ఉండదు. కొబ్బరికాయ పని ఏమిటి, సముద్రంలో పడి ఏ ఒడ్డుకో కొట్టుకుపోయి మొలకెత్తడం. అన్నాళ్ళు ఉప్పునీళ్ళలో నానినా లోపలి గింజని కాపాడే తొడుగు ఈ పీచు. కేరళలో పచ్చి డొక్కల్ని నెలల తరబడి ఉప్పుటేట్లో నానబెట్టి తెల్ల పీచు తీస్తారంటే చూడండి, మెత్తటి భాగం కుళ్ళిపోతుంది, పీచు మిగుల్తుంది. మన దగ్గర ముదురు డొక్క నుంచి తీసే గోధుమ పీచు ఇంకా బిరుసు. పడుకోడానికి పనికిరాదు, కాళ్ళు తుడుచుకోడానికి దాన్ని మించింది లేదు.

మంచి తివాచీ బతకాలంటే గుమ్మంలో పీచు పట్టా ఉండాలి. ఎందుకంటే చెమ్మ తర్వాత తివాచీకి రెండో శత్రువు ఇసక. గోదారి ఇసక రేణువు పోగుల మొదట్లోకి దిగి కూర్చుంటుంది, మనం తొక్కినప్పుడల్లా రంపంలా కోస్తుంది. గుమ్మం బయట బిరుసైన పీచు పట్టా ఒకటి, లోపల మెత్తటి నూలు పట్టా ఒకటి వేస్తే ఇసకా తడీ చాలావరకు అక్కడే ఆగిపోతాయి. మూడు వేలు పెట్టి తివాచీ కొని గుమ్మంలో పాత గోనెసంచి వేసే ఇళ్ళు చాలా చూశాను.

పీచు పట్టా కొనేటప్పుడు కూడా వెనక్కి తిప్పడమే. వెనక నల్లటి ప్లాస్టిక్ పొర ఉండి, పైన పీచు బ్రష్షులా నిలబడి ఉంటే అది పీవీసీలో నాటిన రకం. పొట్టు తక్కువ రాల్తుంది, జారదు, కత్తిరించుకోవచ్చు. వాన జల్లు పడని గుమ్మానికి, టైల్సు నేలకి బాగుంటుంది. జల్లు కొట్టే వసారాకి మాత్రం పూర్తిగా పీచు తాడుతోనే నేసిన పట్టా తీసుకోండి. ప్లాస్టిక్ పొర ఉండదు గనక నీళ్ళు కిందికి దిగిపోతాయి, గాలి రెండు పక్కలా ఆడుతుంది. దాని ప్రాణం అంచులో ఉంటుంది. అంచు చుట్టూ జడలా అల్లి గట్టిగా కుట్టి ఉందో లేదో లాగి చూడండి. బొటనవేలితో నొక్కితే పీచు వెంటనే పైకి లేవాలి. రంగుది అయితే తడిగుడ్డతో రుద్దండి, గుడ్డకి రంగు అంటిందంటే మీ కొత్త టైల్సుకీ అంటుతుంది. తలుపు కింద సందు ఎంతుందో కొలుచుకోవడం మర్చిపోకండి. మా ఇంట్లో మొదట కొన్న పట్టా తలుపుకి అడ్డుపడి, ఆఖరికి కోళ్ళగూడు ముందుకి పోయింది. కొత్తలో కొన్ని వారాలు పొట్టు రాల్తుంది, దానికి కంగారుపడక్కర్లేదు. పీచు కుచ్చులు కుచ్చులుగా వస్తే మాత్రం తిరిగిచ్చెయ్యండి.

పనిలో పని ఒక మాట. కాయిర్ బోర్డు అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1953 చట్టంతో పుట్టింది, ప్రధాన కార్యాలయం కొచ్చిలో. మన వైపు రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. మహిళా కాయిర్ యోజన పేరుతో ఆడవాళ్ళకి తాడు వడకడంలో శిక్షణ ఇస్తూ వచ్చేరు. ఇంటి దగ్గర ఖాళీగా ఉన్న చెల్లెళ్ళు, డిగ్రీ చేసి ఉద్యోగానికి చూస్తున్న తమ్ముళ్ళు ఒకసారి వెళ్ళి ఇప్పుడేం నడుస్తోందో కనుక్కోండి. డొక్క మన తోటలోది, కొనే గుమ్మం మన వీధిలోది, మధ్యలో నేసే చెయ్యి ఒక్కటే పై ఊరిది.

ఆన్‌లైన్లో కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ఫొటో చూసి మురిసిపోకండి, కింద చిన్నక్షరాల్లో పోగు దేనిది, వెనక దేనిది అని వెతకండి. ‘ప్రీమియం ఫ్యాబ్రిక్’ అని రాసి పోగు పేరు రాయలేదంటే దాచుతున్నాడనే లెక్క. వెనకవైపు ఫొటో లేకపోతే కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోల్లో చూడండి. సరుకు రాగానే ఆ రోజే విప్పి మడిచి, తిప్పి, కాల్చి చూసుకోండి, తిరిగిచ్చే గడువు దాటేక ఎవడూ పలకడు. షాపులో అయితే బిల్లు అడిగి దానిమీద ‘కార్పెట్’ అని కాకుండా రకం పేరు రాయించుకోండి.

ఖరీదు దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటొకటి. రెండు వేలది రెండేళ్ళకి పోతే ఏడాదికి వెయ్యి పడినట్టు. నాలుగు వేలది ఎనిమిదేళ్ళు వస్తే ఏడాదికి ఐదొందలు. అలా అని ఖరీదైనదల్లా మన్నుతుందని కాదు. పది వేలు పెట్టి ఊరే నేల మీద ఉన్ని తివాచీ వేస్తే నాలుగేళ్ళకి పురుగులకి విందు. నేలకి తగ్గ సరుకు దొరికేక ధర గురించి ఆలోచించండి.

కొన్నాక చాకిరీ పెద్దదేం కాదు, మర్చిపోవడమే పెద్దది. వారానికోసారి ఎత్తి కింద తుడిచి, ఆ గచ్చు పూర్తిగా ఆరేకే మళ్ళీ పరవండి. నెలకోసారి వెనకవైపు పైకి పెట్టి ఎండేస్తే రంగు వెలవదు, చెమ్మ పోతుంది. ఏదన్నా ఒలికితే రుద్దకండి, పొడిగుడ్డతో అద్దండి. చెమ్మగా ఉన్న తివాచీలో కంటికి కనపడని దుమ్ము పురుగులు పెరుగుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళో, పొద్దున్నే తుమ్ములు తుమ్మే పిల్లలో ఉంటే పడగ్గదిలో తివాచీయే వద్దు, జంపఖానా చాలు. ముసలాళ్ళున్న ఇంట్లో తివాచీ మూలలు లేవకుండా చూసుకోండి, కింద జారని జల్లి మ్యాట్ వెయ్యండి. తుంటి ఎముక విరిగితే తివాచీ ఖరీదుకి వందరెట్లు అవుతుంది. వానాకాలం మొత్తం అటకెక్కించేటట్టయితే బాగా ఎండబెట్టి, వేపాకు వేసి, పాత పంచెలో చుట్టండి. పాలిథిన్ కవర్లో వద్దు, ఎందుకో ఈపాటికి మీకే తెలుసు.

వరద వస్తుందని దండోరా పడితే తివాచీ కోసం వెనక్కి వెళ్ళకండి. అది పోతే పోయింది. నీళ్ళు తీసేక నూలువి, పీచువి బాగా కడిగి ఎండేసుకోవచ్చు. జిగురుతో అతికించినవి, స్పాంజి ఉన్నవి బురదనీళ్ళలో నానితే దాచుకోకండి, ఆ కంపులో పిల్లల్ని పడుకోబెట్టే కన్నా వట్టి గచ్చే మేలు.

పిన్ని మళ్ళీ ఈ దసరాకి వస్తానంటోంది. మొన్న వాట్సాప్‌లో నాలుగు తివాచీల ఫొటోలు పెట్టి, "ఒరే, ఏది తెమ్మంటావు? నీలం రంగుది బావుంది కదా" అంది. "నాలుగూ వెనక్కి తిప్పి ఫొటోలు తియ్యి పిన్నీ" అన్నాను. షాపువాడు విచిత్రంగా చూస్తున్నాడని తిట్టుకుంటూనే తీసి పంపింది. మూడింటి వెనక నార. నాలుగోది, అన్నిట్లోకీ సాదాది, పల్చటిది, వెనక కూడా పాలియెస్టరే.

"ఇదా? దీని మీద పువ్వే లేదు కదరా!" అంది.